మెడను అడిగి షేడ్ కొనండి

ప్రశ్న: నా వయసు 27. చామనఛాయగా ఉంటాను. ఇప్పటికి మూడు ఫౌండేషన్లు కొన్నాను, మూడూ మూలనపడ్డాయి. మొదటిది రాసుకోగానే ముఖం బూడిద పూసినట్టు అయింది. రెండోది పొద్దున బాగానే ఉండి, మధ్యాహ్నానికి నారింజ రంగుకి తిరుగుతోంది. మూడోది అద్దంలో సరిగ్గానే ఉన్నా, ఫ్లాష్ ఫొటోల్లో ముఖం తెల్లగా, మెడ వేరేగా వస్తోంది. నుదురు, ముక్కు జిడ్డుగా ఉంటాయి, చెంపలు పొడిబారి పొట్టు లేస్తాయి. నోటి చుట్టూ రంగు కాస్త ముదురు. మణికట్టు మీది నరాలు చూసి అండర్‌టోన్ తెలుసుకోమంటున్నారు కానీ, నాకవి కొన్ని ఆకుపచ్చగా, కొన్ని నీలంగా కనిపిస్తున్నాయి. షేడ్ ఎలా ఎంచుకోవాలో, ఎలా రాసుకోవాలో వివరంగా చెప్పగలరా?

సమాధానం: మీ మూడు సీసాలూ మూడు వేర్వేరు కారణాల వల్ల కుదరలేదు. నాలుగోది కొనేముందు ఆ కారణాలు తెలుసుకుంటే ఎంపిక సగం తేలికవుతుంది.

ముందు బూడిద రంగు సంగతి. ఫౌండేషన్‌కి రంగునిచ్చేవి ముఖ్యంగా నాలుగు పొడులు: తెల్లటి టైటానియం డయాక్సైడ్, ఆపైన పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు. వీటి పాళ్లు మారుస్తూ పోతే లేత నుంచి ముదురు దాకా దాదాపు అన్ని షేడ్లూ వస్తాయి. షేడ్ లేతదయ్యేకొద్దీ అందులో తెలుపు పాలు పెరుగుతుంది. మీ చర్మం కంటే లేతది రాసుకుంటే, ఆ పలుచని తెల్లటి పొర కింద నుంచి చర్మపు గోధుమ రంగు కనిపిస్తూనే ఉంటుంది. రెండూ కలిసి కంటికి బూడిదగా తోస్తాయి. ఆ షేడ్‌లో గులాబీ ఎక్కువై పసుపు తగ్గితే బూడిద మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. చామనఛాయ ఉన్నవాళ్లకి ఫౌండేషన్ మీదే విరక్తి పుట్టేది చాలావరకు ఇందువల్లే. “ఒక షేడ్ తక్కువ తీసుకోండి, కళగా కనిపిస్తారు” అని ఎవరు చెప్పినా వినకండి. ముఖానికి కళ వచ్చేది రంగు అంతటా ఒకేలా, తేటగా ఉన్నప్పుడు. లేత షేడ్ ఆ తేటదనాన్నే తీసేస్తుంది. మీ ఛాయకి అచ్చంగా సరిపోయే షేడ్ ఒక్కసారి పడితే, లేతవాటి జోలికి మళ్లీ వెళ్లబుద్ధి కాదు.

షేడ్‌లో చూడాల్సినవి రెండు. ఒకటి లోతు, అంటే ఎంత లేత, ఎంత ముదురు అన్నది. రెండోది అండర్‌టోన్, అంటే ఆ రంగు ఎటు మొగ్గుతోందన్నది. పసుపు, బంగారు వైపు మొగ్గితే వార్మ్. గులాబీ, ఎరుపు వైపయితే కూల్. ఎటూ మొగ్గకపోతే న్యూట్రల్. వీటికి తోడు ఆలివ్ ఒకటుంది, అందులో సన్నటి ఆకుపచ్చ జీర ఉంటుంది. లోతును చాలామంది బాగానే పోల్చుకుంటారు, దెబ్బతినేది అండర్‌టోన్ దగ్గర. ఎండకి చర్మం నల్లబడినా, తర్వాత తేటపడినా మారేది లోతే. అండర్‌టోన్ పెద్దగా మారదు. దాన్ని ఒకసారి సరిగ్గా తేల్చుకుంటే చాలా ఏళ్లు పనికొస్తుంది.

నరాల పరీక్షను పక్కన పెట్టేయండి. నరం ఏ రంగులో కనిపిస్తుందన్నది అది ఎంత లోపల ఉంది, పైన చర్మం ఎంత మందం, ఏ వెలుతురులో చూస్తున్నారు అన్నవాటిని బట్టి మారుతుంది. గోధుమ రంగు చర్మం మీద అది మరీ తికమక పెడుతుంది. బంగారం నప్పుతుందా, వెండి నప్పుతుందా అన్న పరీక్ష కూడా అంతే, అందులో మన ఇష్టమే ఎక్కువ మాట్లాడుతుంది. నమ్మదగిన పద్ధతి ఇంకొకటుంది. ఒకే లోతులో ఉన్న రెండు షేడ్లు తీసుకోండి, ఒకటి పసుపు వైపుది, ఒకటి గులాబీ వైపుది. దవడ మీద పక్కపక్కన రెండు గీతలు గీసి, పగటి వెలుతురులో చూడండి. ఏది చర్మంలో కలిసిపోతుందో అదే మీ వైపు. రెండూ సమానంగా కలిసిపోతే మీది న్యూట్రల్ కావచ్చు. రెండూ కలవకుండా, ఒకటి నారింజగా, ఇంకొకటి గులాబీగా పైకి తేలి కనిపిస్తే ఆలివ్ అని అనుమానించండి. “నాకు ఏ ఫౌండేషనూ నప్పదు” అనుకునేవాళ్లలో చాలామంది ఆలివ్ ఛాయవాళ్లే. వాళ్లకి పసుపు, ఎరుపు రెండూ తగ్గించి, ఆకుపచ్చ జీర ఉంచిన షేడ్ కావాలి. అవి తక్కువగా దొరుకుతాయి కానీ, ఉన్నాయి.

సీసా మీది అంకెలను, అక్షరాలను ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మోసుకెళ్లకండి. ఒకరి 240, ఇంకొకరి 240 ఒకటి కావు. చాలా కంపెనీల్లో డబ్ల్యూ అంటే వార్మ్, సి అంటే కూల్, ఎన్ అంటే న్యూట్రల్. మ్యాక్ దగ్గర మాత్రం ఎన్‌సి షేడ్లు పసుపు, బంగారు ఛాయ చర్మానికి, ఎన్‌డబ్ల్యూ షేడ్లు గులాబీ ఛాయకి. ఇది తెలియక తలకిందులుగా కొనేసినవాళ్లు ఎందరో. షేడ్ల సంఖ్య విషయంలో మాత్రం ఇప్పుడు రోజులు నయం. 2017లో ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 షేడ్లతో ఫౌండేషన్ తెచ్చాక, ముదురు ఛాయలకి రెండు మూడు షేడ్లు పెట్టి సరిపెట్టడం మిగతా కంపెనీలకీ కష్టమైంది. కాబట్టి దగ్గరగా ఉన్నదానితో సర్దుకుపోవాల్సిన పని లేదు, వెతకండి.

ఇక షేడ్ పరీక్ష. చేతి వెనక, మణికట్టు మీద రాసి చూడటం వృథా, అక్కడి రంగుకీ ముఖం రంగుకీ సంబంధం ఉండదు. మేకప్ లేని శుభ్రమైన చర్మం మీద, దవడ ఎముక దగ్గర మొదలుపెట్టి మెడ పక్క భాగం మీదికి మూడు నాలుగు సెంటీమీటర్ల గీత గీయండి. సరిపోతుందనుకున్నది ఒకటి, దానికి ఒక మెట్టు లేతది, ఒక మెట్టు ముదురుది, మొత్తం మూడు గీతలు. వేలితో పలుచగా అద్దండి, మందంగా ఉంటే ఏ షేడైనా తప్పుగానే కనిపిస్తుంది. తర్వాత కిటికీ దగ్గరికో గుమ్మం బయటికో వెళ్లి, నేరుగా ఎండ పడకుండా వెలుతురు వైపు తిరిగి చూసుకోండి. దుకాణాల్లోని పసుపు బల్బులు లేత గులాబీ షేడ్‌ని కూడా బాగా చూపిస్తాయి. మీరు మొదటి సీసాలో మోసపోయింది బహుశా ఆ వెలుతురులోనే. ఫోన్ కెమెరాను కూడా నమ్మకండి, అది రంగును తనంతట తానే సర్దేస్తుంది. అద్దంలో ఏ గీత అంచు కనిపించకుండా పోయిందో అదే మీ షేడ్.

కానీ అప్పుడే కొనకండి. కనీసం అరగంట, వీలైతే నాలుగైదు గంటలు ఆ గీతలను అలాగే ఉంచండి. చిన్న డబ్బాలో నమూనా ఇస్తారేమో అడగండి, ఇస్తే ఒక పూటంతా ముఖానికి రాసుకుని చూడండి. మీ రెండో సీసా సంగతి ఈ ఒక్క పనితో ముందే తెలిసిపోయేది. పూటగడిచేసరికి ఫౌండేషన్ ముదరడాన్ని ఆక్సిడైజ్ అవడం అంటారు. నిజానికి అందులోని ఐరన్ ఆక్సైడ్లు ముందే ఆక్సైడ్లు. ముఖ్యంగా జరిగేది వేరు. ఫౌండేషన్‌లోని తేలికపాటి ద్రవాలు ఆవిరైపోయి రంగు పొడులు చిక్కబడతాయి. ఆపైన చర్మం నుంచి ఊరే నూనె ఆ పొడులను తడుపుతుంది. తడిసిన బట్ట పొడి బట్ట కంటే ముదురుగా కనిపించినట్టే, నూనెలో తడిసిన రంగూ ముదురుతుంది. అందుకే ముక్కు, నుదురు దగ్గర ముందుగా నారింజ తిరుగుతుంది. ఎలాగూ ముదురుతుంది కదా అని లేత షేడ్ కొంటే మొదటి రెండు గంటలు బూడిద, తర్వాత నారింజ, రెండు కష్టాలూ మీవే. రోజంతా రంగు నిలకడగా ఉండే వేరే ఫార్ములా వెతకడమే మంచిది.

మెడతో ఎందుకు పోల్చమంటున్నానో చెప్తాను. ఎండ తగిలే ముఖం, తగలని మెడ చాలామందికి ఒకే రంగులో ఉండవు. నుదురు, నోటి చుట్టూ, చెంపల అంచులు ముదురుగా, ముఖం మధ్యభాగం తేటగా ఉండటం కూడా గోధుమ రంగు చర్మానికి సహజమే. ముఖం మీదే నాలుగు రంగులుంటే దేనితో పోల్చాలి? మెడ పక్క భాగం, కంఠం కింద ఛాతీ పైభాగం, ఈ రెండింటితో కలిసే షేడ్ తీసుకోండి. గడ్డం కిందిభాగం నీడపట్టున ఉండి లేతగా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ముఖం అంచులు మెడ కంటే బాగా ముదురైతే ఒకే షేడ్‌తో అంతా కప్పాలని చూడకండి, అంచుల దగ్గర బూడిద తేలుతుంది. మధ్యలో మెడ షేడ్, అంచులకి ఒక మెట్టు ముదురు షేడ్ పెట్టి, కలిసేచోట స్పాంజ్‌తో అద్దితే ముఖం సహజంగా ఉంటుంది.

మూడో సీసా తెల్లదనానికి ఫ్లాష్ కారణం. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే గుణం ఉన్న) ఫౌండేషన్లు, అలాంటి సన్‌స్క్రీన్లు, రంగు లేని సిలికా పౌడర్లు ఫ్లాష్ వెలుగును వెనక్కి కొడతాయి. పొర మందమయ్యేకొద్దీ తెలుపు పెరుగుతుంది. పగటిపూట ఇబ్బంది లేదు కాబట్టి ఆ సీసాను పగలు వాడుకోండి. రాత్రి ఫొటోలుండే రోజున ఎస్‌పీఎఫ్ లేని ఫౌండేషన్, చర్మం రంగుకి దగ్గరగా ఉండే పౌడర్ వాడండి. బయల్దేరేముందు చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసుకుంటే చాలు, తెలిసిపోతుంది.

ఎస్‌పీఎఫ్ మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. డబ్బా మీద ఉన్న ఎస్‌పీఎఫ్ అంకెను చర్మం మీద చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి లెక్కకడతారు. అంత మందంగా ఫౌండేషన్ ఎవరూ రాయరు. కాబట్టి అది ఉన్నా సరే, పగలు కింద విడిగా సన్‌స్క్రీన్ ఉండాల్సిందే.

రాసుకోవడానికి వద్దాం. మీ చెంపల మీద లేచే పొట్టును ఏ ఫౌండేషనూ దాచలేదు, పైగా రంగు వెళ్లి ఆ పొట్టు అంచులను పట్టుకుని మరింత చూపిస్తుంది. ముందురోజు రాత్రే తడి మెత్తటి గుడ్డతో చెంపలను సుతారంగా తుడిచి, చిక్కటి మాయిశ్చరైజర్ రాసుకుని పడుకోండి. మేకప్ వేసుకునే పూట స్క్రబ్‌తో రుద్దొద్దు, చర్మం ఎర్రబడి ఇంకా పొట్టు లేస్తుంది. పొద్దున ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి, చెంపలకి ఎక్కువ, ముక్కుకి నామమాత్రం. ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత సన్‌స్క్రీన్, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండినంత, ముఖానికీ మెడకీ. ఇది ఆరడానికి పదిహేను నిమిషాలు పడుతుంది, అంతవరకు తల దువ్వుకోండి, బట్టలు చూసుకోండి. ఇక్కడ తొందరపడితే ఫౌండేషన్ చిన్న చిన్న ఉండలుగా లేచి రాలుతుంది. కింది పొర ఆరకపోవడం, పొరలు ఎక్కువవడం, అద్దకుండా రుద్దడం, ఈ మూడూ కలిస్తే తప్పకుండా అలా అవుతుంది. ఫౌండేషన్ కింద పొరగా రాసే ప్రైమర్ అందరికీ అక్కర్లేదు. మీకైతే నుదురు, ముక్కు, గడ్డం మీద మాత్రం, బఠాణీ గింజలో సగం చాలు. డైమెథికోన్ వంటి ‘కోన్’తో ముగిసే పేర్లు పదార్థాల జాబితాలో పైన ఉన్న ప్రైమర్ మీద అలాంటి ఫౌండేషనే బాగా కూర్చుంటుంది. నీటి మోతాదు ఎక్కువున్న పలుచటిది దానిమీద జారి విడిపోవచ్చు.

నోటి చుట్టూ ఉన్న ముదురు రంగుకి ఫౌండేషన్ ముందు కలర్ కరెక్టర్ పెట్టండి. గోధుమ, నీలం కలిసిన నీడను నారింజ రంగు చంపుతుంది. మీ ఛాయకి పీచ్ నుంచి లేత నారింజ దాకా సరిపోతుంది, ఇంకా ముదురు ఛాయవాళ్లకి ఎర్రటి నారింజ. ఒక్కో పక్కకి అగ్గిపుల్ల తలంత చాలు, ఉంగరం వేలితో తట్టినట్టు అద్దండి. నీడ పూర్తిగా మాయమయ్యేదాకా రాయొద్దు, సగం తగ్గితే మిగతాది ఫౌండేషన్ చూసుకుంటుంది. ఎక్కువైతే పైన ఎంత రాసినా నారింజ బయటికొస్తుంది.

ఇప్పుడు ఫౌండేషన్. ఒక పంప్, పంప్ లేని సీసా అయితే బఠాణీ గింజంత, చేతి వెనక వేసుకోండి. ముక్కుకి రెండు పక్కలా చెంపల మీద, గడ్డం మీద, నుదుటి మధ్యన చిన్న చుక్కలు పెట్టి, లోపలి నుంచి బయటికి పరచండి. రంగు తేడాలు, ఎరుపు ఎక్కువగా ఉండేది ముఖం మధ్యలోనే. చెవులు, జుట్టు మొదళ్ల దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలకూడదు. అక్కడ మందంగా ఉంటేనే ముఖానికి మాస్క్ తొడిగినట్టు గీత కనిపిస్తుంది.

మీకు బ్రష్ కంటే తడి స్పాంజ్ మంచిది. బ్రష్ వెంట్రుకలు చెంపల పొట్టును లేపుతాయి. స్పాంజ్‌ని ఉబ్బేదాకా నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, పొడి తువ్వాల్లో చుట్టి మళ్లీ పిండండి. నీళ్లు మిగిలిపోతే ఫౌండేషన్ చారలు చారలుగా విడిపోతుంది, మరీ పొడిగా ఉంటే అంతా స్పాంజే తాగేస్తుంది. లాగకండి, రుద్దకండి, నిలువుగా నొక్కి తీయండి. ముక్కు రెక్కల మడతల్లోకి స్పాంజ్ మొనతో, అప్పటికే అంటుకున్న రంగుతోనే అద్దండి. దవడ కిందికి వేలెడు దూరం వరకు, పలుచబడేలా అద్దుకుంటూ దిగండి. షేడ్ సరిగ్గా ఉంటే మెడంతా రాయాల్సిన అవసరమే రాదు. మెడ రాస్తే తప్ప కలవడం లేదంటే షేడ్ తప్పని అర్థం.

రెండు మూడు నిమిషాలు వదిలేసి, అద్దానికి చేయి చాచినంత దూరంలో నిలబడి చూడండి. మనల్ని ఎవరూ అంతకంటే దగ్గరగా చూడరు. ఎక్కడ ఇంకా కావాలనిపిస్తే అక్కడే రెండో పొర. మచ్చ ఒక్కటే మిగిలితే దాని మీద మచ్చలను కప్పే కన్సీలర్ చుక్క పెట్టండి, ఒక మచ్చ కోసం ముఖమంతా రెండో పొర వేయడం దండగ. అందుకే ‘ఫుల్ కవరేజ్’ అని రాసి ఉన్న మందపాటి వాటి కంటే, మీడియం కవరేజ్‌తో, మరీ మాట్ (మెరుపు లేనిది) కానిది మీ చర్మానికి సుఖం. పూర్తి మాట్ ముక్కుకి బాగున్నా చెంపలను ఎండగొడుతుంది.

పౌడర్ నుదురు, ముక్కు, గడ్డం మీద మాత్రమే, పఫ్‌తో నొక్కి. చెంపలకి వద్దు. మధ్యాహ్నం జిడ్డు తేలినప్పుడు నేరుగా పౌడర్ కొట్టకండి, నూనెతో కలిసి ముద్దయి మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. ముందు టిష్యూ కాగితాన్ని నొక్కి నూనె తీసి, తర్వాతే కొంచెం పౌడర్.

మూలనపడ్డ మొదటి రెండు సీసాలను కూడా పారేయక్కర్లేదు. బూడిదగా ఉన్నదాంట్లో ముదురు పసుపు షేడ్ చుక్కలుగా కలిపి చూడండి. నారింజకి తిరిగేదానికి నీలం మిక్సర్ (ఫౌండేషన్లో కలుపుకునే నీలం రంగు) దొరుకుతుంది, ఒక పంప్‌కి పిన్ను మొనతో తీసినంత కలపండి. నీలం నారింజను చంపి రంగును ఆలివ్ వైపు, కాస్త ముదురు వైపు లాగుతుంది, అందుకే మోతాదు జాగ్రత్త. ఎప్పుడు కలిపినా ఆ పూటకి సరిపడా చేతి వెనకే కలుపుకోండి, సీసాలో కలిపితే వెనక్కి తీసుకోలేరు.

అయితే ముందు వాటి వయసు చూడండి. డబ్బా వెనక మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటుంది, తెరిచాక అన్ని నెలలు వాడొచ్చని దానర్థం. గడువు దాటినా, వాసన మారినా, ఊపినా కలవకుండా నూనె విడిపోయినా ఇక ముఖానికి పెట్టొద్దు. స్పాంజ్‌ని వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి గాలి తగిలేచోట ఆరబెట్టండి, తడిగా డబ్బాలో మూసిపెడితే బూజు పడుతుంది. బ్రష్ వాడితే వారానికోసారి కడగండి. కొత్త ఫౌండేషన్ ఏదైనా చెవి వెనక రెండు మూడు రోజులు రాసి చూశాకే ముఖానికి తీసుకెళ్లండి. దురద, మంట వస్తే అక్కడితో ఆపేయండి. నోటి చుట్టూ ఉన్న నలుపు ఈమధ్యే మొదలైనా, పెరుగుతున్నా, దాన్ని కప్పుకోవడం కంటే ముందు చర్మవైద్యులకు చూపించండి.